ఒడ్డెక్కే పడవ

"అన్నియ్యా, ఈ యేడు ఇంటికొచ్చీసాక మరి ఎల్లను. ఇంజిను బోటు కొనీద్దామనుకుంటన్నాను. ఏది మంచిదో నువ్వు సూసి సెప్పు."

వేరావల్ నుంచి ఫోన్. చేసింది మా చిన్నమ్మ కొడుకు. ఎనిమిదేళ్ళుగా వాడు ప్రతి వానాకాలం శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో రైలెక్కి గుజరాత్ పోతాడు. ఎవరిదో బోటు మీద కళాసీగా చేస్తాడు. ఎండలు ముదిరే వేళకు తిరిగొస్తాడు. ఎనిమిది సంక్రాంతులు ఆ బోటు మీదే గడిచాయి.

నన్నే ఎందుకు అడిగాడంటే, మా ఇళ్ళల్లో చదువుకుని హైదరాబాద్‌లో కూర్చున్నవాణ్ణి నేనొక్కణ్ణే. అంతకుమించి నాకే అర్హతా లేదు. మా ఊరు బారువకూ కళింగపట్నానికీ మధ్య సముద్రానికి ఆనుకునే ఉంటుంది గానీ, నేను తెప్ప ఎక్కింది రెండుసార్లు. రెండుసార్లూ వాంతి చేసుకున్నాను. ఇంతవరకు సొంతానికి కొన్న వాహనం ఒక సెకండ్ హ్యాండ్ స్కూటర్.

అయినా సరేనన్నాను. మనకు తెలిసిన పద్ధతిలో ఒక గూగుల్ షీటు తెరిచాను. ఇంజను శక్తి ఎంత, బరువెంత, ఏ ఇంధనం, గంటకు ఎంత తాగుతుంది, ధరెంత, సర్వీసు ఎక్కడ దొరుకుతుంది. పడవ పొడవెంత, వెడల్పెంత, ఎంత సరుకు మోస్తుంది. పద్నాలుగు రకాలు రాశాను. రంగులు కూడా వేశాను.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మా తీరంలో మరబోట్లకు వేట నిషేధం. ఆ రోజుల్లో ఊరెళ్ళి, ఇసకలో తిరగేసి పెట్టిన పడవ నీడలో కూర్చుని వాడికి ఫోన్లో షీటు చూపించాను. ఓపిగ్గా చివరిదాకా చూశాడు. "అన్నీ బాగున్నాయి గానీ అన్నియ్యా, ఇయ్యి ఒడ్డెక్కుతాయా?" అన్నాడు.

నా షీటులో ఆ గడి లేదు.

హైదరాబాద్ తిరిగొచ్చాక దొరికిన పాత నివేదికలు, పుస్తకాలు చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ కొంచెం ఊరట కలిగింది, కొంచెం కోపమూ వచ్చింది. ఆ గడి లేకుండా షీటు వేసినవాణ్ణి నేను మొదటివాణ్ణి కాదు. పెద్ద పెద్ద ఇంజనీర్లు, ప్రభుత్వాలు, ఒక ఐరోపా దేశం కూడా ఆ పని చేశారు. వాళ్ళు మరిచిపోయిన ఆ ఒక్క గడి వల్లే మా తమ్ముడు ఎనిమిదేళ్ళు గుజరాత్‌లో ఉన్నాడనేది నాకు ఇప్పుడు అర్థమైన సంగతి.

*

ముందు ఒడ్డు గురించి చెప్పాలి. విశాఖ ఆర్కే బీచ్‌లో పల్లీలు తింటూ చూసే కెరటం వేరు, దాని మీద బతికేవాళ్ళు చూసే కెరటం వేరు. బంగాళాఖాతం నుంచి వచ్చే అలలు ఒడ్డుకు దగ్గరగా ఉన్నట్టుండి లేచి విరుగుతాయి. పెద్ద కెరటాలు వరసగా కొన్ని వస్తాయి, తర్వాత కాసేపు తెరిపి. మావాళ్ళు నిలబడి లెక్కపెట్టి ఆ తెరిపిలో పడవ తోస్తారు.

కష్టం వెళ్ళడంలో కంటే తిరిగి రావడంలో ఉంటుంది. వెళ్ళేటప్పుడు కెరటం ఎదురుగా కనిపిస్తుంది. వచ్చేటప్పుడు వెనక నుంచి వచ్చి పడవ వెనకభాగాన్ని ఎత్తుతుంది. ముందుభాగం నీళ్ళలో గుచ్చుకుంటుంది, పడవ అడ్డం తిరుగుతుంది, తర్వాతి కెరటం బోర్లా వేస్తుంది. రోజంతా పట్టిన చేప, వల, ఒక్కోసారి మనిషి, అన్నీ ఒడ్డుకు వంద గజాల దూరంలో పోతాయి.

మన తీరంలో పుట్టిన పడవలన్నీ ఈ వంద గజాల కోసం పుట్టినవే. తెప్పనే తీసుకోండి. నాలుగైదు తేలిక దుంగలు తాళ్ళతో కట్టిన వస్తువు. చూస్తే అనాగరికంగా కనిపిస్తుంది. కానీ దానిలో నీళ్ళు నిండవు, ఎందుకంటే నిండడానికి లోపలంటూ ఏదీ లేదు. కెరటం పైనుంచి దూకితే నీళ్ళు సందుల్లోంచి కిందికి పోతాయి. బోర్లా పడితే తిప్పుకుని మళ్ళీ ఎక్కొచ్చు. ఒడ్డుకొచ్చాక కట్లు విప్పి, దుంగలు విడివిడిగా మోసుకెళ్ళి ఎండబెట్టుకోవచ్చు. విప్పి భుజాన వేసుకోగలిగిన పడవ ఇంకెక్కడుంది? తమిళంలో దీన్ని కట్టుమరం అంటారు. ఇంగ్లీషువాళ్ళ 'కాటమరాన్' అందులోంచి వచ్చిందే, వాళ్ళిప్పుడు ఆ పేరుతో పిలిచే జంట పడవ పూర్తిగా వేరే అయినా.

ఇంకొకటి మసులా పడవ. ఆ పేరు మచిలీపట్నం నుంచి వచ్చిందని చాలామంది రాశారు. పలకల్ని మేకులతో బిగించకుండా కొబ్బరి తాళ్ళతో కుట్టేవాళ్ళు. కెరటం కొడితే కుట్టు సాగి సర్దుకునేది. మేకులు కొట్టిన బిగుసు పడవ అదే దెబ్బకు పగిలిపోయేది. మద్రాసులో హార్బరు కట్టకముందు ఓడల్లోంచి దొరల్నీ దొరసానుల్నీ వాళ్ళ పెట్టెల్నీ ఒడ్డుకు చేర్చింది ఈ కుట్టుపడవలే. ఓడ తెచ్చిన పడవలు ఆ కెరటాల్లో పనికొచ్చేవి కావు.

ఇప్పుడు వీటికి ఒక ఇంజను తగిలించాలి. అది బరువు. నిరంతరం అదురుతుంది, ఆ అదురుకు కుట్లూ కట్లూ వదులవుతాయి. పైగా పడవ అడుగు కంటే కిందికి వేలాడే పంకా ఒకటి కావాలి. ఇసక మీదికి దూసుకురావాల్సిన పడవకు అడుగున పంకా అంటే, పరిగెత్తేవాడి కాలికి కర్ర కట్టినట్టు.

*

మోటారు పడవ పుట్టిన చోట ఈ చిక్కులేవీ లేవు. 1886లో గాట్లీబ్ డైమ్లర్ తన పెట్రోలు ఇంజనును ఒక చిన్న పడవలో పెట్టి జర్మనీలోని నెకర్ నదిలో నడిపాడు. జనానికి పెట్రోలంటే భయం, ఎక్కడ పేలుతుందోనని. అందుకని పడవ చుట్టూ తీగలు, పింగాణీ బుడిపెలు తగిలించి, అది కరెంటు పడవేమో అనుకునేలా చేశాడని చెప్తారు. అంటే తొలి మోటారు పడవ అమ్మినవాడికి కూడా కొనేవాడి భయమే పెద్ద సమస్య. ఆ భయం ఇంజను గురించి. ఒడ్డు గురించి కాదు. నది ఒడ్డున పడవ కట్టేసే చోటు ఎప్పుడూ ఉంటుంది.

ఆ తర్వాత అమెరికాలో ఓల్ ఎవిన్‌రూడ్. విస్కాన్సిన్ సరస్సుల మధ్య పెరిగినవాడు. 1909లో అతను అమ్మకానికి పెట్టిన ఇంజను ఒకటిన్నర హార్స్ పవర్, 62 పౌండ్ల బరువు, 62 డాలర్ల ధర. పడవ వెనక పలకకు మరబిగింపుతో తగిలిస్తే చాలు. పడవ నీదే, ఇంజను మాత్రం నాది అనడం వ్యాపారంలో గొప్ప ఆలోచన. పడవ మార్చకుండానే ఎవరైనా మోటారు పడవ యజమాని కావచ్చు. ఆదివారం చేపలు పట్టుకునేవాళ్ళు ఎగబడి కొన్నారు. సరస్సులో కెరటం లేదు, ఒడ్డున చెక్క జెట్టీ ఉంటుంది. దిగి, తాడు కట్టి, ఇంటికి పోవడమే.

'మొదటి మోటారు పడవ ఎలా ఎంచుకోవాలి' అని ఇప్పుడు వెతికినా దొరికే సలహాలన్నీ ఆ సరస్సుల నుంచి వచ్చినవే. ఎంతమంది కూర్చుంటారు, ఎంత వేగం, ట్రైలర్ మీద పడుతుందా. నా షీటు కూడా అక్కణ్ణుంచే పుట్టింది.

*

మన దేశంలో ఈ కథ మలుపు తిరిగింది కేరళలో. 1952లో భారత్, నార్వే, ఐక్యరాజ్యసమితి కలిసి ఒప్పందం రాసుకున్నాయి. 1953లో కొల్లం దగ్గర నీండకరలో ఇండో-నార్వీజియన్ ప్రాజెక్టు మొదలైంది. ఒక పేద దేశానికి అభివృద్ధి సాయమంటూ నార్వే చేసిన మొదటి పెద్ద ప్రయత్నం అది. ఉద్దేశం మంచిదే. అక్కడి జాలర్ల పడవలకు ఇంజన్లు పెట్టి, చేప ఎక్కువ పట్టించి, ఊళ్ళో ఆరోగ్యం, మంచినీళ్ళు మెరుగుపరచాలని.

స్థానిక పడవలకు ఇంజను పెట్టడం కుదరలేదు. దాంతో కొత్త పడవలు గీశారు. 22 అడుగులు, 25 అడుగులు, లోపల డీజిల్ ఇంజను. అవి బాగా నడిచాయి. ఎందుకు నడిచాయంటే నీండకర మామూలు బీచ్ కాదు. అష్టముడి సరస్సు సముద్రంలో కలిసే చోటు. కెరటం తాకని నీళ్ళలో పడవ నిలబడుతుంది. ప్రాజెక్టు గెలవడంలో నార్వే ఇంజనుకు ఎంత వాటా ఉందో ఆ సరస్సు మూతికీ అంత వాటా ఉంది. కానీ తర్వాత దేశమంతా అనుకరించింది ఇంజనును మాత్రమే. సరస్సు మూతిని అనుకరించడం ఎవరి చేతిలోనూ లేదు కదా.

ఈలోగా రొయ్య వచ్చింది. ప్రాజెక్టు మొదలైన 1953లోనే కొచ్చిన్ నుంచి గడ్డకట్టించిన రొయ్యలు అమెరికాకు ఎగుమతి కావడం మొదలైంది. 1960లకల్లా ఆ కొత్త పడవలన్నీ అడుగు గీకే ట్రాల్ వలలు వేసుకుని రొయ్యల వెంట పడ్డాయి. ఊరికి చేప తినిపించాలని మొదలైన పడవ దూరదేశపు పళ్ళానికి రొయ్య పట్టే పడవైంది. పడవలు కొన్నవాళ్ళలో వలతో సంబంధం లేని పెట్టుబడిదారులూ చేరారు. ఒడ్డున మిగిలిపోయిన తెడ్డు పడవలవాళ్ళకూ వీళ్ళకూ సముద్రంలోనే కొట్లాటలు జరిగాయి. చివరికి 1988లో కేరళ ప్రభుత్వం వానాకాలపు ట్రాలింగ్ నిషేధం తెచ్చింది. ఈ పరిణామం మీద జాన్ కురియన్ అనే ఆర్థికవేత్త 1985లో రాసిన వ్యాసం చదివాక, నార్వే వాళ్ళ మీద కోపం కంటే, మంచి మనసుతో కూడా ఇంత దూరం తప్పిపోవచ్చా అన్న దిగులు ఎక్కువైంది నాకు.

మన తీరంలోనూ అదే వరస. ఇంజను హార్బరున్న చోటికే పోయింది. విశాఖ, కాకినాడ. విశాఖ చిన్న ట్రాలర్ల రకాల పేర్లు పాత నివేదికల్లో చూసి నవ్వొచ్చింది. పాబ్లో, రొయ్య, పాంఫ్రెట్, సొర, సోనా. తొమ్మిది మీటర్లతో మొదలై పదమూడు మీటర్లకు పోయే వరస. కొన్నిటికి పట్టే చేప పేరే పెట్టేశారు. మా తాత తరం దాన్ని ఏమనేవారో తెలుసా? 'రేవు పడవ'. రేవు ఉన్నవాడిది అని.

సర్కారు లెక్కల్లో రెండు మాటలున్నాయి. 'మెకనైజ్డ్' అంటే ఇంజను పడవనీ నడుపుతుంది, వలనీ లాగుతుంది. 'మోటరైజ్డ్' అంటే ఇంజను పడవను నడుపుతుంది, వల మనిషే లాగాలి. వినడానికి ఒకేలా ఉన్న ఈ రెండు మాటల మధ్య రెండు బతుకులున్నాయి. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం కింద వచ్చిన నిబంధనల ప్రకారం తీరం నుంచి 8 కిలోమీటర్ల దాకా సంప్రదాయ పడవలది, మెకనైజ్డ్ బోట్లు దాని అవతలే వేటాడాలి. గీత కాగితం మీద ఉంది. రాత్రిపూట సముద్రంలో కనపడదు. తెల్లారి మావాళ్ళ వల తెగి ఉంటే అప్పుడు కనపడుతుంది.

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం. రాష్ట్రంలో ఇంత తీరం ఉన్న జిల్లా లేదనేవారు. కానీ విశాఖ లాంటి హార్బరు మాకు లేదు. హార్బరు లేదు కాబట్టి పెద్ద బోటు లేదు. బోటు లేదు కాబట్టి సముద్రం తెలిసిన మనుషులు, కెరటాన్ని చూడకుండా చెవితో లెక్కపెట్టగల మనుషులు, ఇంకొకరి బోటు మీద కూలికి వెళ్ళారు. ముందు విశాఖ, తర్వాత పరదీప్, ఇప్పుడు వేరావల్. 2018లో గుజరాత్ తీరంలో పాకిస్తాన్ వాళ్ళకు పట్టుబడి, 2020 జనవరిలో వాఘా దాటి ఇంటికొచ్చిన ఇరవైమంది మనవాళ్ళు అలా వెళ్ళినవాళ్ళే. 'తండేల్' సినిమా చూసి వచ్చాక నా ఆఫీసు స్నేహితుడొకడు అడిగాడు: "ఇక్కడ సముద్రం పెట్టుకుని అంత దూరం ఎందుకెళ్ళారు బాస్?" ఆరోజు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడైతే ఒడ్డెక్కే ఇంజను లేక అని చెప్తాను.

*

సరైన ప్రశ్న ఎవరూ అడగలేదని కాదు. ఆలస్యంగా అడిగారు. 1979లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, స్వీడన్ డబ్బుతో, మద్రాసు కేంద్రంగా 'బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాం' మొదలుపెట్టింది. దానిలో పనిచేసిన నౌకా నిర్మాణ నిపుణుల్లో ఒకరు ఓయివిన్ గుల్‌బ్రాన్సెన్. ఈయనా నార్వే వాడే. వీళ్ళు ఇంజను వైపు నుంచి కాకుండా కెరటం వైపు నుంచి మొదలుపెట్టారు. ఇసక మీద నుంచి బయల్దేరి, కెరటాలు దాటి, మళ్ళీ ఇసక మీదికే రాగల ఇంజను పడవ గీయాలన్నారు.

ఐఎన్‌డీ-11, 13, 18, 20. ఒకదాని తర్వాత ఒకటి కట్టి, ఆంధ్రా, ఒడిశా, తమిళనాడు తీరాల్లో జాలర్ల చేతికే ఇచ్చి చూశారు. వాటిలోని కిటుకు పంకాలో ఉంది. డీజిల్ ఇంజను, కడ్డీ, పంకా మొత్తం ఒకే ముక్కగా వంగేలా బిగించారు. కడ్డీ పడవ అడుగులోంచి బయటికి పోయే చోట నీళ్ళు రాకుండా రబ్బరు తొడుగు వేశారు. లోతు నీళ్ళలో పంకా దింపుతారు, ఒడ్డు దగ్గరపడగానే పైకి లాగేస్తారు. ఆ బొమ్మ చూసినప్పుడు నాకు కళ్ళు చెమ్మగిల్లాయంటే నమ్మండి. మావాడి ప్రశ్నకు ఎవరో బల్ల ముందు కూర్చుని, స్కేలు పట్టుకుని, జవాబు గీశారు.

అయితే గీసినంత తేలిగ్గా జరగలేదు. ఫైబర్‌గ్లాస్ పడవ ధర తెప్ప ధర కాదు. దానికి తగ్గ చేప రోజూ పడదు. తెప్పలా విప్పి మొయ్యలేం, తడి ఇసక మీద పైకి లాగాలంటే చాలా చేతులు కావాలి. ఇంజను పాడైతే ఊళ్ళో బాగుచేసేవాడు లేడు. అదే కాలంలో కన్యాకుమారి దగ్గర ముట్టంలో ప్లైవుడ్ పడవలు కట్టించిన బెల్జియం ఇంజనీరు పియరీ జిలే తన అనుభవం మీద 1985లో ఒక పుస్తకం తెచ్చాడు. దాని పేరుకి తెలుగు చెప్పుకుంటే, 'చిన్నది చెయ్యడమే కష్టం'. పెద్ద ట్రాలరు కట్టడం తెలిసిన విద్య. పేదవాడు కొనగల, ఇసక మీదికి ఎక్కగల చిన్న ఇంజను పడవ కట్టడమే తెలియని విద్య.

తర్వాత కథ నిపుణుల చేతిలోంచి జారి ఊళ్ళ చేతికి వచ్చింది. థాయ్‌లాండ్ కాలవల్లో తిరిగే పడవలకు ఒక ఏర్పాటుంది. మామూలు చిన్న డీజిల్ ఇంజనును పడవ వెనక ఒక ఇరుసు మీద నిలబెట్టి, దానికి పొడవైన కడ్డీ, కడ్డీ చివర పంకా పెడతారు. లాంగ్ టెయిల్. చూడ్డానికి మోటుగా ఉంటుంది. చుక్కాని అక్కర్లేదు, కడ్డీనే అటూ ఇటూ తిప్పితే పడవ తిరుగుతుంది. ఒడ్డు వస్తే పిడి కిందికి నొక్కుతారు, పంకా నీళ్ళలోంచి లేస్తుంది. రబ్బరు తొడుగుతో అంత కష్టపడి సాధించినదాన్ని ఇది ఒక మనిషి చేతి బరువుతో చేస్తుంది. 2004 సునామీ తర్వాత తూర్పు తీరంలో ఫైబర్ పడవలు విపరీతంగా పెరిగాయి. తేలిక దుంగలు ఎలాగూ దొరకడం కష్టమైంది. ఇప్పుడు మా ఊళ్ళో తెప్ప కూడా ఫైబరుదే, లోపల థర్మోకోల్. ఆకారం పాతది, సామాను కొత్తది. అది కూడా మునగదు.

*

ఇంత చదివాక షీటు మళ్ళీ వేశాను. మొదటి గడి 'ఒడ్డెక్కుతుందా'. పద్నాలుగు రకాల్లో మూడు మిగిలాయి.

వాటిలో ఒకటి, విశాఖలో పాత ట్రాలరులో వాటా. డబ్బులు బాగా కనిపిస్తాయి. కానీ చేప విశాఖ రేవులో దిగుతుంది. మా చిన్నమ్మ ముప్పై ఏళ్ళుగా ఒడ్డున చేప ఎత్తుకుని బుట్టతో చుట్టుపక్కల ఊళ్ళల్లో అమ్ముతోంది. ట్రాలరు కొంటే ఆమెకు చేప ఉండదు. పడవ ఒడ్డు మారితే ఆడవాళ్ళ వ్యాపారం పోతుందన్న సంగతి ఏ ఇంజను ధరల పట్టికలోనూ ఉండదు.

రెండోది, బయట తగిలించే జపాన్ ఇంజను. తేలిక, వేగం. పెట్రోలు తాగుతుంది, దూరం వెళ్ళి వలేసి వచ్చేసరికి చేప డబ్బులో సగం దానికే పోతుంది. కేరళ వాళ్ళు 1980ల్లో ఇవే తగిలించుకుని సబ్సిడీ కిరసనాయిలు మీద నడిపారు. ఆ కిరసనాయిలు తగ్గేసరికి ఎంత ఇబ్బంది పడ్డారో తెలిసిందే.

మూడోది, ఎనిమిదిన్నర మీటర్ల ఫైబర్ పడవ, పది హార్స్ పవర్ లోపు డీజిల్ లాంగ్ టెయిల్. ఇక్కడ గుల్‌బ్రాన్సెన్ మళ్ళీ పనికొచ్చాడు. చిన్న పడవల్లో ఇంధనం ఆదా గురించి ఆయన రాసిన మాన్యువల్‌ని 2012లో అదే సంస్థ ప్రచురించింది. సారాంశం ఏమంటే, సన్నగా పొడుగ్గా ఉన్న పడవకు తక్కువ శక్తి చాలు. ప్రతి పడవకూ దాని పొడవును బట్టి ఒక వేగం ఉంటుంది. అది దాటి తోస్తే డీజిలు పోతుంది గానీ పడవ పెద్దగా కదలదు. పెద్ద ఇంజను కొనడం కంటే పొడుగు పడవ కొని, మీట కొంచెం తగ్గించి నడపడం మేలు. ఇది చెప్తే మావాడు నవ్వాడు. "ఆ కొస దాకా మీట లాగితే ఇంజిను ఏడుస్తాది అన్నియ్యా. తెలుస్తాది కదా మరి."

డబ్బు సంగతి వచ్చింది. పడవ, ఇంజను, వలలు అన్నీ కలిపి ఐదు లక్షలు దాటింది. వాడి దగ్గర ఎనిమిదేళ్ళ కష్టం లక్షన్నర. మిగతాది సావుకారు ఇస్తానన్నాడు, వడ్డీ కూడా లేకుండా. షరతు ఒక్కటే. చేప మొత్తం ఆయనకే, ఆయన చెప్పిన రేటుకి, అప్పు తీరేదాకా. అప్పు తీరడం ఆయనకు అక్కర్లేదని ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ పద్ధతిలో కొంటే పడవ వాడిది, చేప ఇంకొకరిది. అప్పుడు వేరావల్‌కీ మా ఊరికీ తేడా రైలు టికెట్టు ఖర్చు మాత్రమే.

నేను చేసిన ఒకే ఒక్క పనికొచ్చే పని ఇక్కడుంది. 2020లో వచ్చిన కేంద్ర మత్స్య పథకంలో సబ్సిడీ మామూలుగా 40 శాతం, ఆడవాళ్ళ పేరు మీదైతే 60. అది చదివి వినిపించాను. ఇంట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా ఊళ్ళో పడవ ఆడమనిషి పేరు మీద ఉండటం ఎవరూ వినలేదు. బాబాయి గొణిగాడు. చిన్నమ్మ చేపల కత్తి కడుగుతూనే, "నా పేరు మీద రాయండి. డ్వాక్రా అప్పు కూడా నా పేరు మీదే కదా వచ్చీది. కానీ సేప మాత్రం నానే అమ్ముతాను. సావుకారికి ఒక్కటీ ఇవ్వను," అంది.

అప్లికేషన్ పెట్టాక పడవ రావడానికి ఏడాది పైన పట్టింది. ఏ కాగితం ఎన్నిసార్లు ఇచ్చామో చెప్పుకుంటే అదొక వ్యాసం. మధ్యలో మావాడు ఇంకో ఏడు వేరావల్ వెళ్ళొచ్చాడు.

ఈ జూన్‌లో నిషేధం ఎత్తేసిన మూడోరోజు పడవ నీళ్ళలోకి దిగింది. నేనూ వెళ్ళాను. పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, గంగమ్మకు దణ్ణం పెట్టి నలుగురు ఎక్కారు. నేను ఎక్కలేదు. తెల్లవారుజామున వెళ్ళినవాళ్ళు ఎండెక్కాక తిరిగొచ్చారు. ఒడ్డున అందరం నిలబడి చూస్తున్నాం. కెరటాల అవతల ఇంజను శబ్దం సన్నబడింది. వరసగా పెద్దవి నాలుగు పోనిచ్చారు. తర్వాత ఒక్కసారిగా మోత పెంచి లోపలికొచ్చారు. మావాడు పిడి నొక్కాడు, పంకా గాల్లోకి లేచి గిర్రున తిరుగుతూ నీళ్ళు చిమ్మింది. పడవ కొంచెం వంకరగా తిరిగింది, అప్పటికే ఇసక తగిలింది. ఒడ్డున ఉన్నవాళ్ళం పరిగెత్తి పట్టుకున్నాం. నా ప్యాంటు నడుం దాకా తడిసింది.

కవళ్ళు ఎక్కువ, కానాగంతలు కొన్ని. ఆ ధరకు డీజిలు ఖర్చు పోను పెద్దగా మిగలదు. చిన్నమ్మ బుట్టలో సర్దుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఊరి వైపు నడిచింది.

సాయంత్రం మావాణ్ణి అడిగాను, వేరావల్ తండేలుకి ఈ ఏడు రానని చెప్పావా అని. ఇంకా చెప్పలేదట. జూలై అంతా చూసి చెప్తాడట.